కరిగిపోయేదానికి సాక్ష్యం



జనగామలోని మా మద్రసాలో ఇరవై ఎనిమిదేళ్ళుగా బోధిస్తున్నాను. చిన్న తరగతులకు నమాజు పాఠాలు, పెద్ద తరగతులకు హదీసు నా వంతు. ఇన్నేళ్ళలో ఒక దుఆను ఎన్ని వందల మంది పిల్లల చేత కంఠస్థం చేయించానో లెక్కలేదు. నమాజు ఆరంభంలో తక్బీరు తరువాత చదివే దుఆలలో అది ఒకటి. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంగా బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. తన పాపాలను నీటితో, మంచుతో, వడగళ్ళతో కడిగివేయమని దాసుడు ప్రభువును వేడుకుంటాడు. అరబీలో మంచుకు ‘సల్జ్’ అని, వడగళ్ళకు ‘బరద్’ అని పేర్లు.

మూడేళ్ళ క్రితం చలికాలంలో ఫజ్ర్ తరువాతి తరగతిలో పదేళ్ళ బాలుడొకడు లేచి నిలబడ్డాడు.

“ఉస్తాద్, సల్జ్ అంటే ఏమిటి?”

“మంచు, బేటా.”

కిటికీ బయట ఎదుటి ఇల్లు కూడా కనబడనంతగా పొగమంచు కమ్ముకొని ఉంది. “ఇదేనా?” అన్నాడు.

“ఇది కాదు.”

“పొద్దున గడ్డి మీద ఉండేదా?”

“అదీ కాదు. ఆకాశం నుంచి దూదిలా రాలి, నేల మీద పేరుకొని, నెలల తరబడి ఉండేది.”

“మీరు చూశారా?”

చూడలేదు. యాభై నాలుగేళ్ళ వయసులో, ఇరవై ఐదేళ్ళుగా నేర్పుతున్న పదం అర్థాన్ని నేను కళ్ళారా చూడలేదని ఆ ఉదయమే నాకు స్పృహ కలిగింది. మన తెలుగులో ‘మంచు’ అనే ఒక్క మాట పొగమంచుకూ, గడ్డి మీది తుషారానికీ, హిమాలయాల మీది హిమానికీ చాలుతుంది. ఒకే మాట ఇన్నింటికి చాలినప్పుడు మనకు అన్నీ తెలిసినట్లే అనిపిస్తుంది. ‘బరద్’ సంగతి వేరు. “రాళ్ళవాన!” అని తరగతి మొత్తం ఒక్కసారిగా అరిచింది. మహబూబాబాద్ జిల్లా పిల్లలైతే మరీ గట్టిగా అరిచారు. వారి ఇళ్ళ రేకులకు పడ్డ చిల్లులు వారికి గుర్తున్నాయి.

ఆ ప్రశ్న నుంచి మా మద్రసాలో ఒక అలవాటు పుట్టింది. గురువారం జుహ్ర్ తరువాత మాకు సెలవు. ఆ మధ్యాహ్నాల్లో మేము మంచు పటాలు గీస్తున్నాం. జనగామలో కూర్చొని కాశ్మీరు మంచుకు పటం గీయడమేమిటని మీరు నవ్వవచ్చు. మొదట్లో మా ఇంట్లోనూ నవ్వారు. ఈ కాలక్షేపం నాకు హదీసు శాస్త్రంలోని ఒక పాఠాన్ని మరోసారి నేర్పింది. దానిని మీతో పంచుకోవాలనే ఈ నెల ఈ నాలుగు మాటలు.

పని తీరు చాలా సులభం. నాసా వారి ‘వరల్డ్‌వ్యూ’ అనే సైటులో భూమి మీది ఏ ప్రాంతానికైనా ఏ రోజు ఉపగ్రహ చిత్రమైనా ఉచితంగా చూడవచ్చు. 1999 డిసెంబరులో ప్రయోగించిన టెర్రా ఉపగ్రహం మొదలుకొని అనేక ఉపగ్రహాలు పంపిన చిత్రాలు అందులో ఉన్నాయి. మా ఆఫీసు కంప్యూటరులో పీర్ పంజాల్ కొండల నుంచి జాంస్కర్ వరకు ఉన్న భాగాన్ని తెరిచి, ప్రింటు తీసి, దాని మీద గళ్ళు గీస్తాం. ఒక్కో గడి పొడవు, వెడల్పు పది కిలోమీటర్లు. గడిలో సగానికి మించి మంచు ఉంటే నీలిరంగు వేయాలి, లేకపోతే ఖాళీగా వదలాలి. చివర నీలిగళ్ళు లెక్కపెట్టి తేదీతో నోటుబుక్కులో రాయాలి. డిసెంబరు 21న కాశ్మీరులో ‘చిల్లా-ఎ-కలాఁ’ మొదలవుతుంది. అది నలభై రోజుల కఠోర శీతకాలం. చిల్లా అంటే నలభై రోజులని మన పాఠకులకు చెప్పనక్కరలేదు. దాని తరువాత ఇరవై రోజుల చిన్న చిల్లా, ఆపైన పది రోజుల పసి చిల్లా. ఆ డెబ్భై రోజులూ మా పటంలో నీలిరంగు పెరుగుతూ పోయింది.

ఒక గురువారం నోటుబుక్కులో లెక్క ఒక్కసారిగా ఎగిరింది. కాశ్మీరు లోయ మొత్తం తెల్లగా కనబడింది. పిల్లలు ఉత్సాహంగా అన్ని గళ్ళకూ నీలిరంగు వేశారు. నేనూ మాషా అల్లాహ్ అన్నాను. ఆ సాయంత్రం అస్ర్ నమాజుకు ఒక కాశ్మీరీ సోదరుడు వచ్చాడు. ఏటా చలికాలంలో శాలువలు, స్వెటర్లు అమ్ముకుంటూ మా ఊళ్ళో రెండు నెలలు ఉండేవారిలో ఒకడు. పిల్లలు గర్వంగా తమ పటాన్ని అతనికి చూపించారు. అతను కొంతసేపు చూసి, ఫోను తీసి ఇంటికి మాట్లాడాడు. తరువాత నవ్వుతూ, “ఈ వారం మా ఊళ్ళో మంచు పడలేదు మౌలానా, పొగమంచు. పక్కింటి గోడ కూడా కనబడడం లేదట” అన్నాడు.

కిటికీ బయటి పొగమంచును చూపించి ‘ఇదేనా?’ అని అడిగిన బాలుడు ఆ గుంపులోనే ఉన్నాడు. నా వైపు చూశాడు, ఏమీ అనలేదు.

ఆ తరువాత నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. పై నుంచి చూసినప్పుడు మంచూ తెలుపే, మేఘమూ తెలుపే, పొగమంచూ తెలుపే. వాటిని వేరు చేయడానికి శాస్త్రజ్ఞులు కంటికి కనబడని కాంతిని ఆశ్రయిస్తారు. ఎరుపుకు ఆవల ఉండే పరారుణ కాంతిలో ఒక భాగాన్ని మంచు చాలావరకు పీల్చుకుంటుంది, నీటి బిందువులతో ఏర్పడిన మేఘం తిప్పి పంపుతుంది. అందుచేత మామూలు వెలుగులో రెండూ తెల్లగా మెరిసినా, ఆ కాంతిలో మేఘం మెరుస్తుంది, మంచు నల్లబడుతుంది. ఈ రెండు కొలతల తేడాను లెక్కగట్టి ఏది మంచో తేలుస్తారు. అదే సైటులో ఆ కాంతిని కలిపి రంగులు మార్చిన చిత్రాలూ ఉన్నాయి. వాటిలో మంచు మెరిసే నీలిరంగులో, మేఘం తెల్లగా కనబడతాయి. అయినా చిక్కు పూర్తిగా తీరదు. చాలా ఎత్తున ఉండే కొన్ని మేఘాలు మంచు కణాలతోనే ఏర్పడతాయి, అవి చూపును మోసగించగలవు. పైగా, మేఘమని తేలినంత మాత్రాన దాని కింద నేల మీద ఏముందో తెలియదు.

నన్ను ఆకట్టుకున్నది దీని తరువాతి సంగతి. ఉపగ్రహాల సహాయంతో తయారయ్యే మంచు పటాలలో మేఘం ఉన్న చోటును ‘మంచు లేదు’ అని రాయరు, ‘మంచు ఉంది’ అనీ రాయరు. ‘మేఘం’ అని వేరే గుర్తు పెడతారు. అంటే, ఆ రోజు ఆ చోటును మేము చూడలేకపోయాం అని ఒప్పుకోవడం. నిన్న అక్కడ మంచు ఉంది కాబట్టి నేడూ ఉండి ఉంటుందని అనుకోవచ్చు. అలా అనుకున్నదానిని, చూసినదానినీ ఒకే రంగుతో నింపకూడదు.

మా పటంలో అప్పటిదాకా రెండే గుర్తులు ఉండేవి, నీలం, ఖాళీ. మరుసటి గురువారం మూడు చేశాం. చూశాం, ఉంది అంటే నీలం. చూశాం, లేదు అంటే పసుపు. చూడలేకపోయాం అంటే ఖాళీ. ఆ రోజు పిల్లలకు ఇమామ్ మాలిక్ (రహ్మ) గురించి చెప్పాను. మదీనాలో అంతటి విద్వాంసుడై ఉండీ, దూరాల నుంచి వచ్చినవారు అడిగిన ఎన్నో ప్రశ్నలకు ‘లా అద్రీ’, అంటే ‘నాకు తెలియదు’ అని జవాబిచ్చి పంపేవారు. మన పటంలోని ఖాళీ గడి ఒక ‘లా అద్రీ’ అని చెప్పాను. పిల్లలకు ఆ మాట నచ్చింది. ఇప్పుడు వాళ్ళు ఖాళీ గళ్ళను ‘లా అద్రీ గళ్ళు’ అనే పిలుస్తారు.

ఇదంతా పరాయి దేశపు విద్య అనుకోకండి. హైదరాబాదు బాలానగర్‌లో జాతీయ దూరసంవేదన కేంద్రం ఉంది. 1974లో ఏజెన్సీగా ఏర్పడి, 2008లో ఇస్రోలో భాగమైన సంస్థ అది. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునే దాని కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. సట్లెజ్ నది ఎగువన పరుచుకున్న మంచును బట్టి వేసవిలో భాక్రా జలాశయానికి ఎంత నీరు చేరుతుందో అంచనా వేసే పనిని ఆ సంస్థ 1980లలోనే చేపట్టింది. 2003 అక్టోబరులో మన దేశం ప్రయోగించిన రిసోర్స్‌శాట్-1 ఉపగ్రహంలోని ఒక కెమెరా ఒకేసారి 740 కిలోమీటర్ల వెడల్పు నేలను చూడగలిగేది. మంచును మేఘం నుంచి వేరు చేసే ఆ పరారుణ కాంతిని కూడా అది పట్టేది. మన గోదావరి త్ర్యంబకం కొండల్లో పుట్టిన వాననీటి నది. కృష్ణ కూడా అంతే. వాటిలో మంచు కరిగిన నీరు లేదు. అయినా పంజాబు గోధుమచేలు పచ్చబడే నీటి లెక్క మన బాలానగర్‌లో తేలిందంటే పిల్లలు ఆశ్చర్యపోయారు.

మన పూర్వీకులకూ ఈ పని కొత్త కాదు. హిజ్రీ నాలుగో శతాబ్ది ఆరంభంలో, అంటే క్రీ.శ. 921లో, బగ్దాదు నుంచి ఖలీఫా రాయబార బృందంలో బయలుదేరిన ఇబ్న్ ఫద్లాన్ ఖ్వారజ్మ్‌లో జైహూన్ నది గడ్డకట్టడం చూశాడు. గుర్రాలు, బండ్లు ఆ నది మీదుగా దారి మీద నడిచినట్లే నడిచాయనీ, మంచుగడ్డ మందం పదిహేడు జానలనీ, అది మూడు నెలలు అలాగే ఉందనీ రాసిపెట్టాడు. ఎంత మందం, ఎన్నాళ్ళు, ఎక్కడ అనే వివరాలు ఉండడం వల్లనే వెయ్యేళ్ళ తరువాత కూడా ఆ మాటకు విలువ ఉంది. 1154లో సిసిలీ రాజు రోజర్ కొలువులో ప్రపంచ పటాన్ని పూర్తిచేసిన అల్-ఇద్రీసీ పద్ధతి మరింత గమనించదగినది. దేశదేశాల ప్రయాణికులను పిలిపించి, విడివిడిగానూ కలిపి ఉంచీ ప్రశ్నించేవారు. వారి మాటలు ఏకీభవించినచోట స్వీకరించేవారు, విభేదించినచోట పక్కన పెట్టేవారు. హదీసు విద్యార్థికి ఇది పరిచయమైన దారే. ఎవరు చెప్పారు, ఆయన ఎవరి నుంచి విన్నారు, స్వయంగా విన్నారా అన్నది తేలకుండా మన పండితులు మాటను స్వీకరించలేదు.

నాలాంటి భాషా బోధకులకు ధైర్యమిచ్చే ఉదాహరణ కూడా ఒకటి దొరికింది. అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్, గ్రీకు భాషలు బోధించిన జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్ అనే ఆచార్యుడికి చలికాలంలో కొండలెక్కే సరదా. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆయన ఒక పొడవాటి గొట్టాన్ని మంచులో దించి, పైకి తీసి, తూకం వేసి, అందులో ఎంత నీరుందో లెక్కగట్టే పద్ధతిని రూపొందించాడు. దాని ఆధారంగా వసంతంలో టాహో సరస్సు ఎంత ఎత్తుకు నిండుతుందో ముందే చెప్పగలిగాడు. సరస్సు నీటి కోసం తగువులాడుకుంటున్న వారికి నమ్మదగిన కొలత ఒకటి దొరికింది. వృద్ధాప్యంలో ఆయన హిమాలయాల మంచు కొలతల పని మీద మన దేశానికీ వచ్చాడు. సరదాగా మొదలుపెట్టిన పనైనా, నిజాయితీగా సాగితే పదిమందికి అక్కరకు వస్తుంది.

ఆ మాట నిజమని నాకు మా మార్చి నెల రాళ్ళవాన నేర్పింది.

మన ప్రాంతంలో మంచు కురవదు కాని, మంచుగడ్డలు కురుస్తాయి. మార్చి నుంచి మే వరకు నేల కాగి, బంగాళాఖాతం తేమ తోడైతే గాలి మహా వేగంతో పైకి లేస్తుంది. నాలుగైదు కిలోమీటర్ల ఎత్తు దాటితే వేసవిలోనైనా నీరు గడ్డకట్టే చలి ఉంటుంది. అక్కడ గడ్డకట్టిన చినుకు, పైకి లేచే గాలి మోస్తున్నంతసేపూ పొర మీద పొర పేర్చుకొని పెరుగుతుంది. గాలి ఇక మోయలేనప్పుడు నేల మీద పడుతుంది. దీనిని తేలికగా తీసుకోరాదు. 1888 ఏప్రిల్ 30న మొరాదాబాదు పరిసరాల్లో కురిసిన వడగళ్ళకు 246 మంది మరణించారు. 2023 మార్చి మూడో వారంలో మన రాష్ట్రంలో అనేక జిల్లాల పంటలు వడగళ్ళకు దెబ్బతిన్నాయి. ఆ నెల 23న ముఖ్యమంత్రి మహబూబాబాద్‌తో సహా కొన్ని జిల్లాలకు వచ్చి, ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించారు.

మేము మంచు పటాలు మొదలుపెట్టిన ఏడాది మార్చిలో మరిపెడ వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థి ఊళ్ళో రాళ్ళవాన పడింది. బుధవారం రాత్రి వాళ్ళ అన్న ఫోను చేశాడు. గురువారం ఆ అబ్బాయి కాశ్మీరు పటం ముట్టుకోలేదు. తన ఊరి నక్షా ఒకటి సంపాదించి, సర్వే నంబర్ల మీద ఎర్రరంగు వేయడం మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న కౌలుకు చేస్తున్న మూడెకరాల మిర్చి చేను మొదట ఎర్రబడింది. తరువాత చుట్టుపక్కల చేలన్నీ ఎర్రబడ్డాయి.

“నీవు చూశావా?” అని అడిగాను.

“అన్నయ్య చెప్పాడు ఉస్తాద్.”

“మీ అన్నయ్య ఈ చేలన్నీ చూశాడా?”

తల దించుకున్నాడు. ‘విన్నదంతా చెప్పేయడమే మనిషి అబద్ధికుడు కావడానికి చాలు’ అనే అర్థం వచ్చే హదీసు వాడు నా దగ్గరే చదివాడు. ఆ పిల్లవాడి బాధ అబద్ధం కాదు. అప్పు తెచ్చి వేసిన పంట అది. నేను ఇంకేమీ అనలేదు. మరునాడు జుమా తరువాత వాడితోపాటు మరో ముగ్గురు పెద్ద విద్యార్థులను వెంటబెట్టుకొని, తొర్రూరు మీదుగా బస్సులో ఆ ఊరికి బయలుదేరాను.

వడగళ్ళు అరగంటలో కరిగిపోతాయి. మేము వెళ్ళేసరికి అక్కడ ఒక్క గడ్డ కూడా లేదు. గుర్తులు మాత్రం ఉన్నాయి. చిరిగిన ఆకులు, గాలి వచ్చిన వైపు బెరడు లేచిపోయిన వేపకొమ్మలు, చిల్లులు పడిన రేకులు, నేల రాలిన మామిడి పిందెలు. మేము ప్రతి ఒక్కరినీ నాలుగే ప్రశ్నలు అడిగాం. మీరు స్వయంగా చూశారా? ఎక్కడ నిలబడి చూశారు? ఎంత సేపు పడింది? ఎంత పరిమాణం, శనగగింజంతా, రేగిపండంతా, నిమ్మకాయంతా? జవాబు చెప్పినవారి పేరు పక్కన రాసుకున్నాం. చూశాం, పడింది అంటే ఎర్ర చుక్క. చూశాం, పడలేదు అంటే పచ్చ చుక్క. ఎవరూ చూడని చోటు ఖాళీ.

చివరకు ఆ విద్యార్థి తండ్రి చేనుకు వచ్చాం. ఆయన గట్టు మీద నిలబడి ఉన్నారు. సలాముకు జవాబిచ్చి, చేతితో చూపిస్తూ, “ఇటువైపు ఎకరంన్నర పోయింది మౌలానా సాబ్. ఆకేరు వైపు ఎకరంన్నర బాగానే ఉంది” అన్నారు.

అబ్బాయి చేతిలోని నక్షాలో మూడెకరాలూ ఎర్రగా ఉన్నాయి. వాడు మెల్లగా, “అబ్బా, రేపు నష్టం రాసుకునేవాళ్ళు వస్తే...” అన్నాడు.

ఆయన కొడుకు వైపు కొంతసేపు చూసి, “పోయింది ఎంతో అంతే రాయి బేటా” అన్నారు. అంతే. మళ్ళీ మిర్చి మొక్కలు నిలబెట్టే పనిలో పడిపోయారు. అబ్బాయి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని, కొత్త కాగితం మీద మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ కొత్త పటంలో ఎరుపుకూ పచ్చకూ మధ్య గీత వాళ్ళ నాన్న చేను మధ్య నుంచే పోయింది. నేను హదీసు పరిశీలన గురించి ఆ తరగతికి రెండేళ్ళుగా చెబుతున్నాను. ఆ తండ్రి నాలుగు మాటల్లో నాకంటే బాగా చెప్పారు.

సాయంత్రానికి పటం ఒక రూపానికి వచ్చింది. ఎర్ర చుక్కలు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సన్నని పట్టీలా పరుచుకున్నాయి. వడగళ్ళ మేఘం నడుస్తూ కురుస్తుంది కాబట్టి అవి సాధారణంగా అలా పట్టీలుగానే పడతాయి. మధ్యలో వాగుకు ఆవల ఒక చోట మాత్రం ఖాళీ ఉంది. దానికి ఇరువైపులా ఎరుపే. “ఇక్కడా పడే ఉంటుంది ఉస్తాద్, ఎరుపు వేసేద్దామా?” అన్నారు పిల్లలు. వద్దన్నాను. అయితే ఖాళీగా వదిలి ఇంటికి పోదామా? అదీ న్యాయంగా తోచలేదు. ‘లేదు’ అన్నదానికీ ‘చూడలేదు’ అన్నదానికీ తేడా ఉంది. ‘చూడలేదు’ అని రాసిన చోట వెళ్ళి చూసే బాధ్యత ఇంకా మిగిలే ఉంటుంది. మాకు తోడు వచ్చిన ఊరి పెద్దమనిషిని అడిగితే, కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నందున రెండు రోజులుగా అటు ఎవరూ పోలేదన్నారు. చుట్టూ తిరిగి వెళ్ళాం.

అక్కడ ఒక తండాకు చెందిన నాలుగు చేలున్నాయి. ఒక చేనులో ఒక వృద్ధురాలు ఒంటరిగా కల్లం మీద కూర్చొని ఉంది. కోసి ఆరబోసిన మిర్చి మీద కప్పిన టార్పాలిన్ చిరిగి, కాయంతా తడిసి, తెల్లబడి తాలైపోయింది. ఆమె మంచి కాయ ఏదైనా మిగిలిందేమోనని ఒక్కొక్కటే ఏరుతోంది. “ఎవరూ రాలేదయ్యా” అంది. ఆమె పేరు మా నోటుబుక్కులో చివరిది. ఆ చోట ఎర్ర చుక్క పెట్టాం.

పటం నకలు ఒకటి ఆ పెద్దమనిషికి ఇచ్చి వచ్చాం. తరువాత నష్టం రాసుకోవడానికి వచ్చిన వ్యక్తిని ఆయన వాగు ఆవలికి కూడా తీసుకుపోయారని మా విద్యార్థి చెప్పాడు. మా కాగితం ముక్క వల్ల ఆమెకు ఇంత దక్కిందని నేను చెప్పుకోలేను. అది అధికార పత్రం కాదు. ఖాళీ గడిని ఆ రోజు మేము మా ఊహతో నింపి ఉంటే మాత్రం, పటం అందంగా పూర్తయ్యేది, ఆమె దగ్గరికి మేమెవరమూ వెళ్ళి ఉండేవాళ్ళం కాదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక పెద్దాయన, “ఎవరి పాపం వారిని కొట్టింది” అన్నాడు. నేను వాదించలేదు. పటం తీసి ఆయన చేతికి ఇచ్చాను. ఆ ఎర్రపట్టీలో మన మసీదు రేకులున్నాయి, ఊరి గుడి ప్రాంగణముంది, తండా కల్లముంది. వంద గజాల అవతల పచ్చ చుక్కలున్నాయి. దివ్యఖుర్ఆన్ నూర్ సూరా 43వ ఆయత్‌లో వడగళ్ళ ప్రస్తావన వస్తుంది. అవి ఎవరిని తాకాలో, ఎవరికి తప్పిపోవాలో అల్లాహ్ నిర్ణయమేనన్న బోధ అక్కడ ఉంది. ఎందుకు తాకాయో తేల్చే పని మనకు అప్పగించలేదు. తాకినవారి దగ్గరికి వెళ్ళే పని మాత్రం మన మీద ఉంది. అందులో ‘లా అద్రీ’ అనవలసిన చోట మనం తీర్పు చెప్పేస్తుంటాం. పొరుగువాడి కష్టానికి కారణాలు చెప్పే ముందు మన దగ్గర ఏ సాక్ష్యముందో చూసుకోవాలి.

ఈ సంగతి విన్న భూపాలపల్లి విద్యార్థి ఒకడు, “మా ఊరికి మంచు పటం లేదా ఉస్తాద్?” అని చిన్నబుచ్చుకున్నాడు. వాళ్ళ నాన్న సింగరేణి గనిలో కార్మికుడు. వాడి కోసం వెతికితే, అందరికంటే పాత మంచు వాడి జిల్లా ఉన్న గోదావరి లోయదేనని తేలింది. లోయలోని బొగ్గుపొరల కింద ‘తాల్చేరు’ శిలలనేవి ఉన్నాయి. ఒడిశాలోని తాల్చేరులో ఇలాంటి శిలలను 1856లో పరిశీలించిన భూవిజ్ఞానులు, ఆ బండరాళ్ళను అక్కడికి చేర్చింది మంచేనని గుర్తించారు. దాదాపు 30 కోట్ల సంవత్సరాల క్రితం మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. కదిలే మంచు బండలను మోసుకొచ్చి, రాళ్ళను గీరి, కరిగిపోయింది. ఆ తరువాత పెరిగిన అడవులే బొగ్గయ్యాయి. వాళ్ళ నాన్న తవ్వే బొగ్గు కింద మంచు వదిలిన గుర్తులున్నాయని విని ఆ అబ్బాయి ముఖం వెలిగిపోయింది. మంచు మిగలకపోయినా, చూడగలిగినవారికి దాని గీతలు మిగిలాయి.

ఇంట్లో పిల్లలున్న పాఠకులకు ఒక సూచన. ఈ వేసవిలో మీరూ ఒక వడగళ్ళ పటం మొదలుపెట్టవచ్చు. 1997లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఒక పట్టణాన్ని వరద ముంచిన తరువాత, మరుసటి ఏడాది అక్కడ సామాన్యులే వాన, వడగళ్ళు, మంచు కొలిచే బృందాన్ని ప్రారంభించారు. నేడు వేలాది ఇళ్ళవారు అందులో ఉన్నారు. వారు వాడే పరికరం మన ఇంట్లోనూ తయారవుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న థర్మోకోల్ పలక తీసుకొని, దాని మీద వంటింటి అల్యూమినియం రేకును బిగుతుగా చుట్టండి. ఒక అంచున ఉత్తర దిక్కు గుర్తు పెట్టి, డాబా మీద కదలకుండా అమర్చండి. వడగళ్ళు పడితే రేకు మీద గుంటలు పడతాయి. గుంటల వెడల్పు గడ్డల పరిమాణాన్ని, వాటి ఏటవాలు గాలి వచ్చిన దిక్కును చెబుతాయి. వాన, ఉరుములు పూర్తిగా ఆగిన తరువాతే పిల్లలను బయటికి పంపండి. తేదీ, సమయం, చూసినవారి పేరు రాయండి. పడని రోజు ‘పడలేదు’ అని, ఊళ్ళో లేని రోజు ‘చూడలేదు’ అని రాయండి. ఆ రెండింటినీ ఎప్పుడూ కలపకండి.

ఈ అలవాటు పటంతో ఆగదు. ఫోనులో వచ్చిన వార్తను పదిమందికి పంపే ముందు, బంధువుల ఇంటి పెళ్ళి సంబంధం గురించి ఒక మాట అనే ముందు, పొరుగింటి తగాదాలో సాక్ష్యం చెప్పే ముందు, ‘నేను చూశానా?’ అని అడుగుకోవడం ఈ గళ్ళ కాగితం మీదే నేర్పవచ్చు. తెచ్చిన కబురును పరిశీలించుకోమని హుజురాత్ సూరా మనకు బోధిస్తుంది. పదేళ్ళ పిల్లవాడికి ఆ బోధ రంగుపెన్సిళ్ళతో సులభంగా ఎక్కుతుంది.

మొదట ప్రశ్న అడిగిన బాలుడికి ఇప్పుడు పదమూడేళ్ళు. చిన్నపిల్లలకు ఆ దుఆ వాడే నేర్పుతున్నాడు. మొన్న వాడి తరగతి పక్క నుంచి వెళుతుంటే, ఒక పసివాడు “సల్జ్ అంటే ఏమిటి భాయీ?” అని అడగడం వినబడింది. “ఉస్తాద్ కూడా చూడలేదు. రా, పటం చూపిస్తాను” అన్నాడు వాడు. నేను ఆగకుండా నా తరగతికి వెళ్ళాను. వాడు చెప్పింది నిజమే. నా మట్టుకు ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

చూసినదానిని దాచకుండా, చూడనిదానిని కల్పించకుండా ఉండే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.